గెనిమ మీది ఎరువు

కర్నూలులో కొత్తగా కట్టే ఇళ్ళ ముందు లాన్ కూడా ఇంటి ప్లానులో భాగమైపోతోంది. అక్కడ పరిచే గడ్డి చాలా చోట్ల మన గరికే, లేదంటే దాని వంగడమే. ఊరి బయట నల్లరేగడి చేలో రైతు ఆ గరికను వేళ్ళతో సహా పెకలించడానికి గుంటక మీద గుంటక తోలుతాడు. ఊళ్ళో అదే గరికకు రోజూ నీళ్ళు పెడతారు, నెలకోసారి యూరియా చల్లుతారు. చల్లిన వారానికి గడ్డి నిగనిగలాడుతుంది. మరో మూడు వారాలకు పాలిపోతుంది. మళ్ళీ పిడికెడు చల్లాలి. మే నెల ఎండలో నీళ్ళు ఒక్కపూట తప్పితే ఆ యూరియానే గడ్డిని మాడుస్తుంది.

ఈ తిప్పలు వద్దనుకుని సేంద్రియ ఎరువు కోసం వెతికేవాళ్ళకు ఫోన్‌లో ముందుగా కనిపించే సలహాల్లో అల్ఫాల్ఫా ఒకటి. అమెరికాలో గుర్రాలకు, కుందేళ్ళకు మేతగా అమ్మే అల్ఫాల్ఫా గుళికలను లాన్ మీద చల్లి నీళ్ళు పెడతారు. గుళికలు నాని, విచ్చుకుని, మట్టిలో కలిసిపోతాయి. అక్కడ పనిచేసేది కర్నూలులోనూ, కడపలోనూ పనిచేస్తుందా? పనిచేస్తుంది. అయినా తెప్పించుకోవద్దనే నేను చెబుతాను. ఆకుతో నేలకు బలం ఇవ్వాలన్న ఆలోచన నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఆ ఆకు మాత్రం ఈ సీమలోనే ఉంది, మన చేల గట్లయిన గెనిమల మీదే పెరుగుతుంది. దాని సంగతి మనం మరిచిపోవడమే నన్ను బాధపెట్టే విషయం.

అల్ఫాల్ఫా అంటే మన పాడిరైతులు లూసర్న్ అని పిలిచే మేతే. పప్పుజాతి మొక్క. వేళ్ళ బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. అందుకే దాని ఎండు ఆకులో నత్రజని రెండున్నర నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. వెయ్యి చదరపు అడుగులకు, అంటే రెండు సెంట్ల పైచిలుకు లాన్‌కు, పది కిలోల గుళికలు చల్లితే సుమారు 300 గ్రాముల నత్రజని చేరుతుంది. అదే నత్రజని 650 గ్రాముల యూరియాలోనూ ఉంటుంది. తేడా అందే తీరులో ఉంది. యూరియా నీళ్ళు తగలగానే కరిగి, కొంత వేళ్ళకు అంది, కొంత గాలిలోకి, కొంత లోతుకు పోతుంది. ఆకు అలా కాదు. సూక్ష్మజీవులు దాన్ని తింటూ, అరిగించుకుంటూ వారాల తరబడి కొంచెం కొంచెంగా విడుదల చేస్తాయి. వానపాములు పైకొస్తాయి, నేల గుల్లబారుతుంది. గడ్డి ఒక్కసారిగా నిగనిగలాడదు, ఒక్కసారిగా పాలిపోదు కూడా.

అల్ఫాల్ఫాలో నత్రజని కాక మరొకటి ఉందని 1970లలో బయటపడింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో స్టాన్లీ రీస్ అనే ఉద్యాన శాస్త్రవేత్త అల్ఫాల్ఫా ఎండుమేతను పంటకు వేసి చూశారు. అందులోని నత్రజనికి రావలసిన దానికన్నా ఎక్కువ పెరుగుదల కనిపించింది. కారణం వెతికితే ఆకు మీది మైనంలో ట్రయాకాంటనాల్ అనే పదార్థం తేలింది. 30 కార్బన్లున్న పొడవాటి ఆల్కహాలు అది. 1977లో ‘సైన్స్’ పత్రికలో రీస్, ఆయన సహచరులు దాన్ని కొత్త పెరుగుదల నియంత్రకంగా ప్రకటించారు. ఆ పేరు మన పురుగుమందుల దుకాణాలకు కొత్తది కాదు. మిరపకూ పత్తికీ వేరుశనగకూ పూత బాగా రావాలని రైతులు కొట్టే సీసాల్లో కొన్నిటి మీద ఇదే పేరుంటుంది. ఎక్కడో అల్ఫాల్ఫా ఆకులో దొరికిన గుణం సీసాలోకెక్కి ఆదోని అంగడి దాకా వచ్చింది. పొలంలో దాని ఫలితం అన్నిసార్లూ ఒకేలా ఉండదని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. కాబట్టి దాన్నే నమ్ముకుని అల్ఫాల్ఫాకు పీట వేయనక్కర్లేదు. అసలు బలం ఆకులోనే ఉంది.

నీళ్ళు అడిగే మేత

లూసర్న్‌ను మన దగ్గర పండించలేమా అంటే, పండిస్తున్నారు. బోరు కింద, పాడి ఉన్నవాళ్ళు, అర ఎకరమో పావు ఎకరమో వేస్తారు. చలికాలంలో విత్తితే మూడేళ్ళ పైనే నిలుస్తుంది, నెలకోసారి కోతకొస్తుంది, పాలిచ్చే గేదెకు బలమైన మేత. ఒట్టి లూసర్నే మేపితే పొట్ట ఉబ్బుతుంది కాబట్టి జొన్నసొప్పతో కలిపి వేస్తారు. బంగారుతీగ పట్టిందంటే మడి మొత్తం పోతుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నీటి సంగతే అలా కుదరదు. దానికి ఎనిమిది పది రోజులకో తడి కావాలి, ఎండాకాలంలో ఇంకా తొందరగా కావాలి.

ప్రపంచంలో అల్ఫాల్ఫా కథ చివరికి నీటి కథే. ఎడారి దేశమైన సౌదీ అరేబియా భూగర్భ జలాలు తోడి అల్ఫాల్ఫా పండించి పెద్ద పెద్ద పాడి పరిశ్రమలు నడిపింది. ఆ జలాలు తరిగిపోతుంటే పచ్చిమేత సాగు మానేయాలని తన కంపెనీలను ఆదేశించింది. అక్కడి అల్మరై సంస్థ 2014లో అమెరికాలోని అరిజోనాలో భూములు కొంది. అక్కడ అల్ఫాల్ఫా పండించి ఓడల్లో సౌదీ ఆవులకు పంపింది. అరిజోనా కూడా ఎండుతున్న నేలే. ఆ చుట్టుపక్కల జనం బావుల్లో నీళ్ళు దిగిపోతున్నాయని గోల పెట్టారు. 2023లో ఆ రాష్ట్ర గవర్నర్ కేటీ హాబ్స్ ఆ సంస్థకిచ్చిన ప్రభుత్వ భూమి కౌలు ఒకదాన్ని రద్దు చేశారు. మేతను ఎగుమతి చేయడమంటే నీటిని ఎగుమతి చేయడమేనని అక్కడివాళ్ళకు అప్పుడు బోధపడింది.

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది మొత్తం మీద సగటున కురిసేది 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అదీ కుదురుగా కురవదు. జూన్‌లో ఆశ చూపి జులైలో ముఖం చాటేసి సెప్టెంబరులో ఒక్క రోజే వంకలు పొంగేట్టు కొడుతుంది. అలాంటి చోట బోరునీళ్ళతో ఆకు పండించి, ఎండబెట్టి, గుళికలు చేసి, గరిక మీద చల్లడం న్యాయం కాదు. ఆ నీళ్ళు చీనీ చెట్టుకో, టమోటాకో, ఇంట్లో కడవకో దక్కాలి.

నీలి పండిన నేల

ఆకుతో నేలను బలపరచడం ఈ ప్రాంతానికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కడప జిల్లా పేరు లండన్ అంగళ్ళ దాకా వినిపించింది నీలిమందు వల్ల. జె.డి.బి. గ్రిబుల్ 1875లో కడప మాన్యువల్ రాసేనాటికి ఇక్కడి ముఖ్యమైన వాణిజ్య పంటల్లో నీలి ఒకటి. నీలి కూడా పప్పుజాతి మొక్కే, అల్ఫాల్ఫా కుటుంబానిదే. ఆకును తొట్లలో నానబెట్టి రంగు తీశాక మిగిలిన పిప్పి పొలానికి ఎరువయ్యేది. నీలి వేసిన చేలో తర్వాత వేసిన పైరు బాగా వచ్చేది. రంగు తెల్లదొరల వ్యాపారానికి పోయినా, పిప్పి మన మడికి దక్కింది.

1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చింది. కొద్ది ఏళ్ళలోనే నీలి తోటలు పడుకున్నాయి. జనం రంగు కోసం నీలి వేయడం మానేశారు. దాంతో రైతు తనకు తెలియకుండానే నేలకు చేస్తున్న మేలు కూడా ఆగిపోయింది. ఒక కర్మాగారం దూరంగా ఎక్కడో మొదలై ఇక్కడి పంటల వరసను మార్చేయడం అదే మొదటిసారి. యూరియా వచ్చి రెండోసారి మార్చింది.

యూరియాకు ముందు మాగాణి మడికి ఆకు తొక్కడం మామూలు పని. కానుగ, వేప, జిల్లేడు, వెంపలి కొట్టి తెచ్చి, బురద మడిలో పరిచి, కాళ్ళతో తొక్కి, ఆ మీద నాటు వేసేవాళ్ళు. కేసీ కాలువ కింది ఊళ్ళలో నల్లమల అంచు నుంచి, కాలువ గట్ల మీది చెట్ల నుంచి ఆకు బండ్ల మీద దిగేది. మెట్టచేలకు పెంట తోలేవాళ్ళు, గొర్రెల మంద కట్టించేవాళ్ళు, ఎండాకాలం చెరువు పూడుమట్టి తోలేవాళ్ళు. మంద కట్టించడం సీమలో ఇంకా బతికే ఉంది, అది మన అదృష్టం. ఆకు తొక్కడమే దాదాపు పోయింది. ఆకు కొట్టే కూలీ దొరకడం లేదంటారు. నిజమే. అంతకన్నా పెద్ద నిజం, కొట్టడానికి గెనిమ మీద చెట్టు లేదు. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమనీ, నీడ పడితే పైరు రాదనీ చెట్లు కొట్టేసి గెనిమలు సన్నం చేసుకున్నాం.

కానుగ ఆకు లెక్క

లెక్క చూడండి. అల్ఫాల్ఫా ఎండు ఆకులో నత్రజని మూడు శాతం లోపు అన్నాం కదా. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పాఠాల్లో ఉన్న లెక్క ప్రకారం కానుగ ఆకులో 3.31 శాతం, వేపాకులో 2.83, గ్లైరిసిడియాలో 2.76, జిల్లేడులో రెండు శాతం పైన. ఓడలో రావలసిన ఆకుకన్నా మన వంక గట్టు మీది కానుగ ఆకే ఒక పాలు ఎక్కువ. గ్లైరిసిడియా ఆకులో పొటాష్ నాలుగున్నర శాతం దాటి ఉంటుంది.

కానుగ గొప్పతనం లెక్కతో అయిపోదు. ఒకసారి వేరు దిగితే నీళ్ళు అడగదు. చౌడును తట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మేక పెద్దగా ముట్టదు. గొర్రెలూ మేకలూ ఊరంతా తిరిగే సీమలో, కంచె లేని గెనిమ మీద, మేక ముట్టని మొక్కే నిలుస్తుంది. వెంపలి కూడా అలాంటిదే. పశువు పెద్దగా ఇష్టపడదు కాబట్టి రాళ్ళ నేలలో, బంజర్లలో దానంతటది మొలిచి నిలబడుతుంది. దాని గింజ మీది పెంకు గట్టిది. ఇసుకతో రుద్దిగానీ వేడినీళ్ళలో ముంచిగానీ చల్లితే తొందరగా మొలుస్తుంది. ఒకసారి ఆ చేలో గింజ రాలిందంటే మరుసటి వానకు మళ్ళీ చల్లే పనే ఉండదు.

గ్లైరిసిడియా మాత్రం బయటి నుంచి వచ్చిన చెట్టు, మధ్య అమెరికాది. అయినా మన మెట్టకు బాగా ఒదిగింది. కొమ్మ నాటితే బతుకుతుంది, రెండో ఏటి నుంచి ఏడాదికి రెండు మూడు కోతలిస్తుంది. మీటరు ఎత్తులో కోస్తూ పోతే నీడ పడదు, ట్రాక్టర్‌కు అడ్డం రాదు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, పటాన్‌చెరు ఇక్రిశాట్ రెండూ దీన్ని గట్ల మీద పెంచమని ఏళ్ళుగా చెబుతున్నాయి. హెక్టారు చేను చుట్టూ గట్ల మీద ఉన్న గ్లైరిసిడియా ఏడాదికి సుమారు 30 కిలోల నత్రజని ఇస్తుందని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల లెక్క. ఎకరాకు 12 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకే. అంటే గెనిమ ఒక్కటే ఎకరానికి అర బస్తాకు పైగా యూరియా పండిస్తుంది. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు బారులు తీరి నిలబడ్డారు. ఆ బారుల్లో నిలబడిన ప్రతి రైతుకూ తన పొలం చుట్టూ ఒక గెనిమ ఉంది. ఈ రెండు మాటల మధ్య దూరాన్ని తగ్గించే పని ఎవరూ గట్టిగా తలకెత్తుకోకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

పదును ఉంటేనే

ఆకు చల్లితే అద్భుతం జరుగుతుందని రాసి రైతును మోసం చేయకూడదు. నేలలో పదును లేకపోతే ఆకు కుళ్ళదు, ఎండి గాలికి పోతుంది, లేదంటే చెదలు తింటాయి. అందుకే మెట్టకూ మాగాణికీ ఒకే సలహా పనికిరాదు.

కేసీ కాలువ ఆయకట్టులో జీలుగ సులువు. కాలువకు నీళ్ళు వచ్చేలోగా తొలకరి పదునులో ఎకరాకు 10 నుంచి 12 కిలోల గింజ చల్లి, 45, 50 రోజులకు పూత మొదలవగానే కలియదున్నాలి. పూత ముదిరితే కాండం నారతేలి తొందరగా కుళ్ళదు. నీటి వసతి బాగుంటే ఎకరాకు ఎనిమిది టన్నుల దాకా పచ్చిరొట్ట వస్తుంది. అందులో 30 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అదంతా మొదటి పంటకే అందదు, కొంత రెండో పంటకు మిగులుతుంది. చౌడు మడికి జీలుగ మంచి మందు. ఏటా వేస్తే చౌడు విరగడం రెండు మూడేళ్ళలో కంటికే కనిపిస్తుంది.

కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు నల్లరేగళ్ళది వేరే సంగతి. అక్కడ ఖరీఫ్‌లో చేను ఖాళీగా ఉంచి, అక్టోబరులో శనగ వేస్తారు. ఆ ఖాళీ నెలల్లో జనుమో, పెసరో, పిల్లిపెసరో వేసి దున్నేయవచ్చు కదా అని పుస్తకం చదివినవాళ్ళు తేలిగ్గా అంటారు. రైతు భయం వేరు. సెప్టెంబరు వాన ఎగ్గొడితే, పచ్చిరొట్ట తాగేసిన పదును శనగకు దక్కదు. ఆ భయంలో న్యాయం ఉంది. కాబట్టి అక్కడ చేనంతా కాకుండా మూడో వంతు చేలో, తొందరగా కోతకొచ్చే పెసరను తొలకరిలో వేసి, కాయ ఒక్కసారి కోసుకుని, ఆగస్టులోనే కలియదున్నడం మంచిది. కాయతో ఖర్చు వస్తుంది, రొట్టతో నేలకు తిండి దొరుకుతుంది, వాన తప్పితే నష్టం ఒక వంతుతో ఆగుతుంది. మిగతా చేనుకు గెనిమ మీది ఆకే దిక్కు.

ఎర్రనేలల్లో, వేరుశనగ చేలల్లో, ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చేస్తున్న పని నాకు ఆశ కలిగిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ ఉద్యమాన్ని నడుపుతోంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ దాని వెనక ఉన్న మనిషి. వానాకాలం రాకముందే పొడి దుక్కిలో పది పదిహేను రకాల గింజలు, సజ్జ, కొర్ర, ఉలవ, అలసంద, అనుము, జనుము, ఆముదం, కలిపి విత్తడం వాళ్ళ పద్ధతి. గింజకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టిస్తారు. చిన్న జల్లు పడినా మొలుస్తుంది. నేల ఎండకు నేరుగా కాలకుండా ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చదనం కప్పి ఉంచాలన్నది ఆ ఆలోచన. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ తన మానవతా పురస్కారాన్ని ఈ ఉద్యమానికీ, నేలల శాస్త్రవేత్త రతన్ లాల్‌కూ, ఈజిప్టు ఎడారిలో పనిచేసే సెకెం సంస్థకూ కలిపి ఇచ్చింది. ఆ వరసలో ఎడారి పక్కన సీమ నిలబడటం సరైన గౌరవమే.

ఇదే ఉద్యమానికి పరిశోధన తోడుగా కడప జిల్లా పులివెందులలో జర్మనీ సాయంతో ఒక అంతర్జాతీయ అకాడమీ ఏర్పడింది. రైతులే శాస్త్రవేత్తలుగా తయారయ్యే చోటు కావాలన్నది దాని లక్ష్యం. నూట పాతికేళ్ళ కిందట జర్మనీ కర్మాగారం కడప నీలిని పడుకోబెట్టింది. ఈసారి జర్మనీ సొమ్ము కడప నేలకు ఆకు కప్పే విద్యకు ఖర్చవుతోంది. ఆ పని కాగితాల్లో మిగలకుండా చూసుకోవడం మన వంతు. అక్కడి ప్రయోగ క్షేత్రాల్లో కానుగకూ వెంపలికీ కూడా చోటివ్వాలని నా కోరిక. ఏ ఊరి గెనిమకు ఏ చెట్టు, ఎంత ఎడం, ఎప్పుడు కోత అన్నది మండలాలవారీగా తేలాలి.

ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. జనుము, జీలుగ, పిల్లిపెసర విత్తనాలు రాయితీ మీద ఇస్తున్నారు. ఆ విత్తనం రోహిణి కార్తెలోనే రైతు ఇంట్లో ఉండాలి. మృగశిర వాన పడ్డాక వస్తే సగం పని చెడినట్టే, ఆరుద్ర దాటాక వస్తే అసలు రాకపోయినా ఒకటే.

లాన్ ఉన్నవాళ్ళకు

ఇక మొదట అడిగిన ప్రశ్న. కర్నూలులోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో ఇంటి ముందు రెండు సెంట్ల గరిక ఉంది. దానికి ఏం వేయాలి?

గడ్డి కోసిన తుక్కును ఎత్తి పారేయకండి. సన్నగా కోసి అక్కడే వదిలేస్తే లాన్‌కు కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా అదే తిరిగి ఇస్తుంది. మిగతా దానికి కానుగ ఆకు. లేత కొమ్మలు కొట్టి నీడన ఆరబెట్టాలి, ఎండలో కాదు. గలగలలాడాక నలిపి పొడి చేసి, వెయ్యి చదరపు అడుగులకు పది కిలోలు, గడ్డి కోసిన మరునాడు సమంగా చల్లి, చీపురుతో గడ్డి మొదళ్ళలోకి తోసి, నీళ్ళు పెట్టాలి. ఆకు మందంగా పడితే కింది గడ్డికి గాలి ఆడదు, కుళ్ళువాసన వస్తుంది. పల్చగా రెండు దఫాలుగా వేయడం మేలు. ఏడాదికి మూడుసార్లు చాలు. తొలకరిలో ఒకటి, వానాకాలం మధ్యలో ఒకటి, దసరా దాటాక ఒకటి. నడి ఎండాకాలంలో ఏ ఎరువూ వేయకండి. అప్పుడు గరికకు కావలసింది ఎరువు కాదు, ఓపిక. పైకి ఎండినట్టున్నా వేరు బతికే ఉంటుంది, తొలి వానకు లేస్తుంది.

ఆకు దొరకకపోతే వేపపిండి ఐదు కిలోలు చాలు. అందులో నత్రజని ఐదు శాతం దాకా ఉంటుంది, వేరుపురుగునూ కొంత అదుపు చేస్తుంది. ఆదోనిలో, ప్రొద్దుటూరులో నూనె మిల్లుల పుణ్యమా అని వేరుశనగ చెక్క కూడా దొరుకుతుంది. అందులో నత్రజని ఇంకా ఎక్కువ. కానీ చీమలూ కుక్కలూ దాని మీద పడతాయి, పశువు నోటి దగ్గరి తిండిని గడ్డికి పెట్టడం నాకూ ఇష్టం లేదు.

ఊళ్ళో కానుగ ఆకు ఎక్కడిది అంటారా? కర్నూలు, కడప వీధుల్లో నీడకని నాటిన చెట్లలో కానుగ తక్కువేం కాదు. వేసవి ముందు అవి ఆకు రాలుస్తాయి. తెల్లారేసరికి ఆ ఆకు కుప్పలు పడతాయి, కొన్ని చోట్ల అక్కడే నిప్పు పెడతారు. రాలిన పండుటాకులో పచ్చి ఆకంత నత్రజని ఉండదు, అయినా కుళ్ళబెడితే మంచి ఎరువు. తగలబెట్టేది చెత్త కాదు, అంతో ఇంతో నేల బలం. వార్డుకో గుంత తవ్వి, ఆ ఆకును పేడనీళ్ళతో కుళ్ళబెట్టి, ఊరి పార్కులకు వేసుకోవడానికి పెద్ద పథకం అక్కర్లేదు. పారిశుధ్య సిబ్బందికి నిప్పు పెట్టొద్దని ఒక మాట, గుంత ఎక్కడో ఒక గుర్తు చాలు.

పొలం ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. కానుగ కాయ వేసవిలో రాలుతుంది. ఎండిన కాయ పగలగొట్టి గింజ తీసి, పాతబడకముందే సంచుల్లో నాటితే రెండు వారాల్లో మొలుస్తుంది. గ్లైరిసిడియా కొమ్మలకు తొలకరి పదునే మంచి అదను. ఈ మృగశిరకు గెనిమ మీద గ్లైరిసిడియా పాతితే రెండో ఏటి నుంచి కోయవచ్చు. కానుగకు ఇంకో రెండేళ్ళు ఆగాలి. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళు దానికి ఎవరూ నీళ్ళు పోయనక్కర్లేదు, ఏ దుకాణం ముందూ బారు తీరనక్కర్లేదు.